ఒకే ప్రాణంతో నేలమాళిగలోకి



ఈ పూట ఒక కంప్యూటర్ ఆట గురించి చెబుతాను. బొమ్మలు లేని ఆట. నల్లటి తెర మీద చుక్కలు, గీతలు, అక్కడక్కడా ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి, అంతే. చుక్కలు నేల, గీతలు గోడలు. ఈమెయిల్ చిరునామా మధ్యలో ఉంటుందే ఎట్ గుర్తు, అది మీరు. చిన్న డి అక్షరం కనిపిస్తే నక్కో కుక్కో తోడేలో అన్నమాట. పెద్ద డి కనిపిస్తే డ్రాగన్. మీరు ఒక అడుగు వేస్తే అది ఒక అడుగు వేస్తుంది. మీరు ఆగితే లోకమంతా ఆగుతుంది. కింద ఎక్కడో, చాలా లోతున, ఒక తాయెత్తు ఉంది. దాన్ని పైకి తేవాలి. దారిలో చనిపోతే ఆట అక్కడితో సరి. మళ్ళీ మొదటి అంతస్తు నుంచి, కొత్త మనిషితో, కొత్తగా తయారైన నేలమాళిగలో మొదలుపెట్టాలి.

ఇలాంటివాటిని రోగ్‌లైక్ ఆటలంటారు. 1980 ప్రాంతంలో వచ్చిన రోగ్ అనే ఆట వీటన్నిటికీ మూలం. అది వచ్చి నలభై అయిదేళ్ళు దాటింది. ఈలోగా కంప్యూటర్ ఆటలు సినిమాలతో పోటీపడే స్థాయికి చేరాయి. నుదుటి మీద చెమటబొట్టు కూడా కనిపించేలా బొమ్మలు గీస్తున్నారు. అయినా ఈ అక్షరాల ఆటలను ఇప్పటికీ ఆడుతున్నారు, కొత్తవి రాస్తున్నారు. పాతరోజుల మీద మమకారంతో ఆడుతున్నారులే అని కొందరంటారు. నేను ఒప్పుకోను. రోగ్ వచ్చిననాటికి ఇంకా పుట్టనివాళ్ళు కూడా వీటికి అలవాటుపడుతున్నారు. వాళ్ళకి గుర్తుచేసుకోవడానికి ఏ పాతరోజులున్నాయి? ఆకర్షణ ఆ ఆటలోనే ఉంది. అది ఎక్కడుందో చెప్పడానికే ఈ ప్రసంగం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి శాంతాక్రూజ్‌లో ఒక ప్రాంగణం ఉంది. అక్కడ మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ అని ఇద్దరు విద్యార్థులు. అడ్వెంచర్ అనే ఆటంటే వాళ్ళకి ప్రాణం. 1970ల్లో విల్ క్రౌథర్ మొదలుపెట్టగా డాన్ వుడ్స్ పెంచి పెద్దచేసిన ఆట అది. మాటలు టైపు చేస్తూ గుహలో తిరగాలి, చిక్కుముడులు విప్పుకుంటూ పోవాలి. బాగానే ఉంటుంది. కానీ ఒకసారి ముడులన్నీ విప్పేశాక మిగిలేదేముంది? రెండోసారి వెళ్తే అదే గుహ, అదే ముడి, అదే జవాబు. ఆట రాసినవాడికైతే ఆ మొదటిసారి ఆనందం కూడా దక్కదు, జవాబులన్నీ తానే దాచిపెట్టాడు కాబట్టి. రాసినవాళ్ళు కూడా ఆడి ఆశ్చర్యపోయే ఆట కావాలని ఆ కుర్రాళ్ళకి అనిపించింది. అందుకని మాళిగను తాము గీయకుండా, ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ కంప్యూటరే కొత్తగా గీసుకునేలా ప్రోగ్రాం రాశారు. ఈ ఆటల చరిత్ర మొత్తంలో ఇంతకుమించిన ఆలోచన ఇంకొకటి రాలేదని నా నమ్మకం.

గీయడానికి సాధనం అదే విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో దొరికింది. అక్కడ కెన్ ఆర్నాల్డ్ కర్సెస్ అనే లైబ్రరీ ఒకటి తయారుచేశాడు. అప్పటి టెర్మినల్ అంటే అడ్డంగా 80, నిలువుగా 24 గడులుండే తెర. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ నుంచి అక్షరాలు వైరు మీద నెమ్మదిగా నడిచి వచ్చేవి. చిన్న మార్పుకి కూడా తెరంతా మళ్ళీ గీయాలంటే కూర్చుని ఎదురుచూడాల్సిందే. కర్సెస్ ఏ గడిలో మార్పు జరిగిందో లెక్కచూసుకుని ఆ గడికి మాత్రమే కొత్త అక్షరం పంపేది. దాంతో ఎట్ గుర్తు తెర మీద చకచకా నడిచింది. టాయ్ బర్క్‌లీకి మారాక ఆర్నాల్డ్ కూడా ఈ పనిలో చేయికలిపాడు. 1983లో బర్క్‌లీ వాళ్ళు విడుదల చేసిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తోపాటు రోగ్ కూడా విశ్వవిద్యాలయాలకు వెళ్ళింది.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఆటలో నడవడానికి హెచ్, జె, కె, ఎల్ మీటలు నొక్కుతారు. బర్క్‌లీలోనే బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్‌లోనూ అవే మీటలు. ఆయన వాడిన ఏడీఎమ్-3ఏ టెర్మినల్ కీబోర్డులో బాణం గుర్తులు ఆ నాలుగు అక్షరాల మీదే అచ్చువేసి ఉండేవి. హైదరాబాద్ ఆఫీసుల్లోనో, బే ఏరియాలోనో కూర్చుని వీఐ వాడే మన కుర్రాళ్ళకి, అమ్మాయిలకి ఈ మాళిగలో నడక ఎవరూ నేర్పక్కర్లేదు. వేళ్ళకి ముందే వచ్చు.

రోగ్‌లో ఒక్కో అంతస్తునీ మూడు వరుసలు, వరుసకి మూడు గదుల చొప్పున కంప్యూటర్ పంచుకుంటుంది. ఏ గది ఎంత ఉండాలి, ఏది చీకటిగా ఉండాలి, ఏ నడవా ఎటు తిరగాలి అన్నది అప్పటికప్పుడు నిర్ణయమవుతుంది. రాక్షసులు ఇరవై ఆరు రకాలు, ఇంగ్లీషు అక్షరమాలలో అక్షరానికొకటి. బి గబ్బిలం, జెడ్ జాంబీ. తాయెత్తు ఇరవై ఆరో అంతస్తులో. దీనికి తోడు ఆకలి. సంచిలో తిండి అయిపోతే కళ్ళు తిరిగి పడిపోతారు. అందుకని ఒకేచోట భద్రంగా కూర్చోవడం కుదరదు, దిగుతూనే ఉండాలి.

నాకు వీటన్నిటికంటే నచ్చేది సీసాల సంగతి. నేల మీద ఒక సీసా దొరుకుతుంది. నీలిరంగు ద్రవం అని మాత్రం తెలుస్తుంది. అది గాయాలు మాన్పుతుందా, కళ్ళు పోగొడుతుందా, తాగితే తప్ప తెలియదు. పోనీ ఈసారి తాగి తెలుసుకుని గుర్తుపెట్టుకుందామా అంటే, వచ్చే ఆటలో నీలిరంగు మరో గుణానికి వెళ్ళిపోతుంది. మంత్రపత్రాలదీ అదే తీరు. వాటి మీద అర్థంలేని పేర్లుంటాయి, ప్రతి ఆటకీ మారిపోతుంటాయి. మరి ఆడేవాడు నేర్చుకునేదేమిటి? జవాబులు నేర్చుకోడు, జవాబు రాబట్టే పద్ధతులు నేర్చుకుంటాడు. ఒకేరకం సీసాలు మూడు దొరికితే అది అరుదైన మందు కాకపోవచ్చు. చుట్టుపక్కల శత్రువులు లేనప్పుడు, మెట్ల పక్కన నిలబడి, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు రుచిచూస్తే నష్టం తక్కువ. ఇలాంటి జాగ్రత్తలన్నీ తెర మీద ఎక్కడా రాసి ఉండవు. ఆడగా ఆడగా ఒంటబడతాయి. బట్టీపట్టినవాడికి ఈ ఆట ఏమీ ఇవ్వదు, ఆలోచించేవాడికి ఎంతైనా ఇస్తుంది.

ఇప్పుడు చావు దగ్గరికి వద్దాం. మామూలు ఆటల్లో ఆడుతూ మధ్యలో భద్రపరుచుకుంటాం. చనిపోతే అక్కడికి తిరిగొచ్చి, ఈసారి కుడివైపు బదులు ఎడమవైపు వెళ్తాం. రోగ్‌లో ఆటను దాచుకోవచ్చు, కానీ తిరిగి తెరవగానే ఆ దాచిన ఫైలు చెరిగిపోతుంది. అది ఆట ఆపి అన్నానికి వెళ్ళడానికి ఇచ్చిన వెసులుబాటు మాత్రమే. చనిపోయినవాడికి తెర మీద అక్షరాలతో కట్టిన ఒక సమాధి రాయి వస్తుంది, దాని మీద పేరు, ఏ చేతిలో పోయాడో, ఏ సంవత్సరంలో పోయాడో ఉంటాయి. ఆ తర్వాత ఇంకేమీ ఉండదు.

ఇది క్రూరమని చాలామంది అంటారు. పది గంటల శ్రమ ఒక్క మీట నొక్కడంతో పోతే కడుపు తరుక్కుపోదా అంటారు. పోతుంది, నిజమే. కానీ ఆ పది గంటల్లో ప్రతి నిమిషానికీ విలువ వచ్చింది ఆ భయం వల్లే. పోయేదేమీ లేనప్పుడు మనం దేన్నీ సరిగా చూడం. ఇక్కడ ప్రతి గడినీ చూస్తాం, సంచిలో ప్రతి వస్తువునీ లెక్కపెట్టుకుంటాం. పైగా ఆట తొందరపెట్టదు. మీరు మీట నొక్కేదాకా ఎదుటి రాక్షసుడు ఎత్తిన చెయ్యి దించడు. పది సెకన్లు ఆలోచించండి, పది రోజులు ఆలోచించండి, మీ ఇష్టం. ఇంత కఠినమైన శిక్షకి ఇంత ధారాళమైన గడువు జతచేయడమే దీని అసలు కిటుకు. చనిపోయినప్పుడు చేతివేళ్ళు ఆలస్యమయ్యాయనో, కన్ను చెదిరిందనో సాకు చెప్పుకోవడానికి వీల్లేదు. వయసు పైబడినవాళ్ళు, చేతులు వణికేవాళ్ళు కూడా కుర్రాళ్ళతో సమానంగా ఆడగలిగేది ఇందుకే.

ఒక సందర్భం దగ్గరగా చూద్దాం. రోగ్ సంతతిలో అన్నిటికంటే ప్రసిద్ధమైన నెట్‌హ్యాక్ ఆటలోది. మీరు నాలుగో అంతస్తులో ఉన్నారు. మీ ప్రాణశక్తి మొత్తం 40, మిగిలింది 8. పక్క గడిలో ఎర్రటి హెచ్ అక్షరం, అంటే డ్వార్ఫ్. అతని చేతిలో గనుల్లో వాడే బరువైన తవ్వుడు పనిముట్టు. సరిగ్గా తగిలితే ఒకే దెబ్బ. సంచిలో పేరు తెలియని సీసాలు రెండున్నాయి. తాగుదామా? గాయం మానొచ్చు, నిద్ర పట్టొచ్చు, నిద్రపడితే చావే. దేవుణ్ణి ప్రార్థిద్దామా? ఈ ఆటలో ప్రార్థన పనిచేస్తుంది, కానీ ప్రాణశక్తి 6 కంటే తక్కువైనా ఉండాలి, మొత్తంలో ఏడోవంతు కంటే తక్కువైనా ఉండాలి. 8 అంటే దేవుడి లెక్కలో ఇంకా ఆపద కాదు. ఊరికే పిలిస్తే ఆయనకి కోపం రావచ్చు. నేల మీద దుమ్ములో వేలితో ఎల్బరెత్ అని రాద్దామా? టోల్కీన్ కథల్లోని ఆ పేరు చూస్తే చాలా ప్రాణులు దగ్గరికి రావు, డ్వార్ఫ్ కూడా రాడు. కానీ దుమ్ములో రాసేటప్పుడు ఒక అక్షరం తప్పు పడినా పనిచేయదు. ఇక్కడ అనుభవజ్ఞుడికి ఒక సంగతి గుర్తొస్తుంది. డ్వార్ఫ్ నడక నెమ్మది. మీరు రెండడుగులు వేసే వేళకి అతను వేసేది ఒకటే. అంటే ఏ మంత్రమూ అక్కర్లేదు. వెనక్కి తిరిగి మెట్ల దాకా నడిచి, పైకి ఎక్కితే చాలు. అంత భయంలో కూడా ఇంత మామూలు ఉపాయం తట్టినప్పుడు కలిగే తృప్తి, చేతిలో పెద్ద ఖడ్గం ఉన్నప్పుడు కలగదు.

నెట్‌హ్యాక్ పుట్టుక కూడా చెప్పుకోవాలి. రోగ్ ప్రోగ్రాం అందరికీ చేరింది కానీ దాని సోర్స్ కోడ్ అందరి చేతికీ రాలేదు. అందుకని అభిమానులు ఎవరికి వాళ్ళు సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టారు. ఓక్లహామా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ కోనెకే తన కంప్యూటర్‌లో రోగ్ దొరక్క 1983 ప్రాంతంలో మోరియా రాశాడు. మసాచుసెట్స్‌లోని లింకన్-సడ్‌బరీ ఉన్నత పాఠశాలలో జే ఫెన్లసన్ అనే విద్యార్థి స్నేహితులతో కలిసి 1982లో హ్యాక్ రాశాడు. అవును, బడిపిల్లలే. బడిలో యూనిక్స్ నడిచే పీడీపీ-11 కంప్యూటర్ ఒకటి ఉండడం వాళ్ళ అదృష్టం. ఆ హ్యాక్‌ను ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆంద్రీస్ బ్రావర్ అనే గణితవేత్త బాగా విస్తరించి 1984 చివర్లో యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో పంచిపెట్టాడు. అక్కడి నుంచి మైక్ స్టీఫెన్సన్, ఇజాక్ మిల్లర్, జానెట్ వాల్జ్ వంటివారు అందుకున్నారు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు నెట్ మీద మాట్లాడుకుంటూ కలిపి కుట్టిన ఆట కాబట్టి 1987లో నెట్‌హ్యాక్ అని పేరుపెట్టారు.  అది ఇవాళ్టికీ ఉచితమే, సోర్స్ అందరికీ తెరిచి ఉంది.

ఇజాక్ మిల్లర్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర ఆచార్యుడు. మనిషి గ్రహణశక్తి మీద తత్వవేత్త హుస్సర్ల్ చెప్పినదాన్ని పరిశోధించి పుస్తకం రాసిన పండితుడు. 1994లో మరణించారు. నెట్‌హ్యాక్ లోపల గని కార్మికుల ఊరొకటుంది. అందులో దీపాలమ్మే దుకాణదారు పేరు ఇజాక్. సహచరులు ఆయన గుర్తుగా పెట్టిన పేరు. ఆ చీకటి గనుల్లో దీపం కోసం వెళ్ళిన ప్రతి ఆటగాడూ తెలిసో తెలియకో ఆయన గడపే తొక్కుతాడు.

ఇక ఈ ఆట లోతు. అభిమానులు చెప్పే మాట ఏమిటంటే, రాసినవాళ్ళు ఆలోచించని సంగతి లేదు అని. నేను ఒక్క ప్రాణిని తీసుకుంటాను. కాకట్రిస్. తెర మీద అది పసుపురంగు సి అక్షరం, అంతే. ఉత్త చేత్తో ముట్టుకుంటే అక్కడికక్కడే రాయైపోతారు. అది బుసకొట్టినా మెల్లగా రాయైపోవడం మొదలవ్వచ్చు, అప్పుడు కొన్ని అడుగుల వ్యవధి ఉంటుంది, ఆలోగా బల్లి మాంసం తింటే బతుకుతారు. దాన్ని దూరం నుంచి చంపారనుకోండి. దాని కళేబరాన్ని తింటే రాయి. చేతులకి తొడుగులేసుకుని ఆ కళేబరాన్నే ఆయుధంలా పట్టుకుంటే మాత్రం మీరు కొట్టినవాళ్ళు రాళ్ళైపోతారు. మాళిగలో ఇంతకంటే గొప్ప ఆయుధాలు కొన్నే ఉన్నాయి. అలా దర్జాగా నడుస్తూ చూసుకోక గుంటలో పడ్డారనుకోండి. పడేటప్పుడు ఆ కళేబరం ఒంటికి తగులుతుంది. రాయి. కళ్ళు కనపడని స్థితిలో, తొడుగుల్లేకుండా, నేల మీద ఏముందోనని తడిమారనుకోండి. అక్కడ కాకట్రిస్ కళేబరం ఉంటే మళ్ళీ రాయే. చివరగా మరొకటి. ఈ ఆట మీ కంప్యూటర్ గడియారం చూసి చంద్రుడి కళలు లెక్కగట్టుకుంటుంది. పౌర్ణమినాడు ఆడితే అదృష్టం కాస్త కలిసొస్తుంది. అమావాస్యనాడు సంచిలో బల్లి కళేబరం లేకుండా తిరిగితే కాకట్రిస్ బుస మరింత ప్రమాదం.

వీటిలో ఏ ఒక్కటీ కథ కోసం విడిగా అల్లిన సంఘటన కాదు. తగిలితే రాయి అనే ఒక్క నియమం పెట్టి, మిగతా లోకమంతా దానికి లోబడేలా చేశారు. పెంపుడు పిల్లి సంగతీ అంతే. శాపం తగిలిన వస్తువు మీదికి అది ఇష్టంగా అడుగేయదు. అందుకని కొత్త వస్తువేదైనా దొరికితే పిల్లి దాని మీద నడిచిందా, జంకిందా అని గమనిస్తారు. దుకాణంలో ధర అడిగి, మరీ చవకైన మంత్రపత్రమైతే అది వస్తువుల గుణం చెప్పే పత్రమే అయ్యుంటుందని ఊహిస్తారు. పదమూడు రకాల పాత్రల్లో పర్యాటకుడు ఒకడు, మెడలో ఖరీదైన కెమెరా, జేబునిండా డబ్బు. దుకాణదారులు అతనికి ఎక్కువ ధర చెబుతారు. చార్మినార్ దగ్గర గాజులు కొన్న ఏ పరాయి ఊరివాళ్ళనడిగినా ఇది సత్యమనే అంటారు. మాంసం ముట్టకుండా, ఒక్క ప్రాణినీ చంపకుండా, ఒక్క అక్షరం చదవకుండా ఆట పూర్తిచేయాలని పట్టుబట్టేవాళ్ళూ ఉన్నారు. అలాంటి నియమాలను కూడా ఆట లెక్కరాసి, చివర్లో చూపిస్తుంది.

ఇంత లోతు ఎలా సాధ్యమైంది? బొమ్మల ఖర్చు లేకపోవడం వల్ల. పెద్ద కంపెనీ ఆటలో ఒక కళేబరాన్ని చేత్తో పట్టుకోవచ్చు అని నియమం పెడితే, పట్టుకున్న బొమ్మ గీయాలి, విసిరిన కదలిక గీయాలి, రాయైన ప్రతి రాక్షసుడి బొమ్మా గీయాలి. ఒక్క సరదా ఆలోచనకి నెలల పని. అక్షరాల ఆటలో అదంతా ఒక వాక్యం. అందుకే ఇంటిదగ్గర తీరిక వేళల్లో రాసేవాళ్ళు కొన్ని వందలమంది పనిచేసే కంపెనీ చేరలేని లోతుకి చేరారు. చూపించాల్సిన మిగతా పని ఆడేవాడి మనసు చేస్తుంది. రేడియో నాటకం విన్నవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. తలుపు కిర్రుమంటే చాలు, ఇల్లెంత పాతదో వినేవాళ్ళే కట్టుకుంటారు. పెద్ద డి అక్షరం మూలమలుపులో కనబడ్డప్పుడు ఒళ్ళు జలదరించడానికి డ్రాగన్ బొమ్మ అక్కర్లేదు.

ఈ సంప్రదాయం బొమ్మల లోకాన్ని కూడా వదల్లేదు. మోరియా నుంచి 1990లో ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయంలో ఆంగ్‌బాండ్ పుట్టింది. వాటి ప్రేరణతోనే డేవిడ్ బ్రెవిక్ డయాబ్లో తలపెట్టాడు, మొదట అది కూడా వంతులవారీగా కదిలే ఆటే. విడుదలయ్యేనాటికి పరుగుల ఆటగా మారింది. జపాన్‌లో చున్‌సాఫ్ట్ అనే కంపెనీ 1993లో ఇదే పద్ధతిని ఇంటి టీవీకి తగిలించే ఆటపెట్టెల్లోకి తెచ్చింది. ఇప్పుడొచ్చే చాలా ఆటలు రోగ్ పేరు చెప్పుకుంటాయి. వాటిలో కొన్నిటిలో చనిపోయాక కూడా కొంత డబ్బో బలమో తర్వాతి ఆటకి వెంటవస్తుంది. చాలామందికి అదే హాయి. నాకు మాత్రం అందులో అసలు రుచి పలచబడిందనిపిస్తుంది. పాత్ర బలపడటం వేరు, ఆడేవాడు తెలివిమీరడం వేరు. నెట్‌హ్యాక్‌లో ఒక ఆట నుంచి తర్వాతి ఆటకి వెంటవచ్చేది ప్రధానంగా ఆడేవాడి బుర్రలో ఉన్నదే.

టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ముల డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 2006లో మొదట బయటికి వచ్చింది. అక్షరాలతోనే కొండలు, నదులు, రాజ్యాలు, వాటి వందల ఏళ్ళ చరిత్ర, అందులోని ఒక్కొక్క మనిషి ఇష్టాయిష్టాలు, ఇవన్నీ ఆట మొదలవకముందే కంప్యూటర్ కల్పిస్తుంది. 2012లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం తన సేకరణకు మొట్టమొదటిసారి ఎంచుకున్న పద్నాలుగు కంప్యూటర్ ఆటల్లో ఇదొకటి. బొమ్మలతో కూడిన కూర్పు అమ్మకానికొచ్చింది 2022 డిసెంబరులో. అంటే పదహారేళ్ళు ఆ లోకం అక్షరాల మీదే నిలబడింది.

రేడియోలో తప్పక చెప్పాల్సిన సంగతి ఇంకొకటుంది. చూపులేనివారు కూడా నెట్‌హ్యాక్ ఆడతారు. తెర మీద ఉన్నదంతా అక్షరమే కాబట్టి దాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో ఆడవచ్చు. ఆటతో వచ్చే గైడ్‌బుక్‌లో చూపులేనివారు ఏ ఏ సెట్టింగులు మార్చుకోవాలో ఒక విభాగమే ఉంది. పెద్ద పెద్ద ఆటలు ఎక్కువగా కళ్ళున్నవాళ్ళ కోసమే తయారవుతున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు.

యంత్రాలు కూడా ఈ మాళిగలో తమ బలం చూసుకున్నాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు 1981 ప్రాంతంలోనే రోగ్ ఆడటానికి రోగ్-ఓ-మాటిక్ అనే ప్రోగ్రాం రాశారు. దాన్ని రాసిన నలుగురిలో ఒకడైన మైకేల్ మాల్దిన్ తర్వాత లైకాస్ సెర్చ్ ఇంజన్ సృష్టించాడు. 2020లో ఫేస్‌బుక్ పరిశోధకులు కృత్రిమ మేధకు పరీక్షగా నెట్‌హ్యాక్‌నే ఎంచుకున్నారు. 2021లో పోటీ పెడితే, సొంతంగా నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కుల కంటే, మనుషులు కూర్చుని నియమాలు రాసిన పాతకాలపు ప్రోగ్రాములే ముందు నిలిచాయి. వాటిలోనూ ఒక్కటి కూడా ఆట పూర్తిచేయలేదు. గో ఆటలో ప్రపంచస్థాయి ఆటగాడు లీ సెడాల్‌ను 2016లోనే యంత్రం ఓడించిందని గుర్తుచేసుకుంటే, ఈ అక్షరాల మాళిగ ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఆడాలంటే కష్టమే, దాచడమెందుకు. మీటలు చాలా ఉన్నాయి, పెద్ద అక్షరం ఒక పని, చిన్న అక్షరం మరో పని. మొదట్లో వెంటవెంటనే చనిపోతారు. సందేశాలన్నీ ఇంగ్లీషులో. మన పిల్లలు చాలామంది దగ్గరికి రాలేకపోవడానికి ఈ చివరిది కూడా ఒక కారణమని నేననుకుంటాను. జపాన్‌వాళ్ళు నెట్‌హ్యాక్‌ను తమ భాషలోకి తెచ్చుకుని ఆడుకుంటున్నారు, జేనెట్‌హ్యాక్ అని. తెలుగులో అలాంటి పనికి ఒక చిక్కుంది. టెర్మినల్ తెరలో గడికొక అక్షరం. మన లిపి అలా ఇమడదు. స్త్రీ అని రాస్తే చూడటానికి ఒకే అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు గుర్తులు. చాలా టెర్మినళ్ళలో ఒత్తులూ గుడులూ చెల్లాచెదురైపోతాయి. అయితే మాళిగ పటం గీయడానికి చుక్కలూ గీతలూ చాలు, దానికి భాష లేదు. తెలుగు కావాల్సింది సందేశాలకే. ఆ సందేశాలు పటం పక్కన వేరే పెట్టెలోనో, బ్రౌజర్‌లోనో చూపిస్తే చిక్కు తీరిపోతుంది.

అందుకని ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయిలకీ అబ్బాయిలకీ నాదొక మనవి. 2005 నుంచీ ఏటా, మార్చి ప్రాంతంలో, ఏడు రోజుల్లో ఒక రోగ్‌లైక్ రాయాలనే సవాలు జరుగుతోంది. ప్రపంచంలో ఎవరైనా పాల్గొనవచ్చు. ఎట్ గుర్తును గదుల్లో నడిపించే ప్రోగ్రాం పైథాన్‌లో రెండు మూడు వందల వరుసల్లో రాయవచ్చు. కెన్ ఆర్నాల్డ్ మొదలుపెట్టిన కర్సెస్ యూనిక్స్ తరహా కంప్యూటర్లలో ఆ భాషలోనే సిద్ధంగా ఉంటుంది. గ్రాఫిక్స్ తెలియదు, డబ్బు లేదు అని వెనకాడక్కర్లేదు, ఈ ఆటకి రెండూ అక్కర్లేదు. ముందు నెట్‌హ్యాక్ ఉచితంగా దించుకుని కొన్నాళ్ళు ఆడండి. నియమాలు ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకుంటాయో గమనించండి. ఆ తర్వాత గోల్కొండ సొరంగమో, బెలూం గుహలో, మీకు తోచిన మాళిగ తవ్వండి. అందులో మీ ప్రాణులు మీరే పెట్టుకోండి, అవి పలికే మాటలు తెలుగులో రాయండి. వచ్చే మార్చికి ఇంకా వ్యవధి ఉంది, ఇవాళే మొదలుపెట్టండి.